మూత విప్పింది నేనే

ఒళ్ళో చేట పెట్టుకుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నాను. ఎదురుగా కంప్యూటర్ తెర మీద ఒక ముసలావిడ ఫొటో నుదుటి దగ్గర్నుంచి కిందికి, చార తర్వాత చారగా దిగుతోంది. కళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ కూతురు నా వెనక బెంచీ మీద పొద్దున పదింటి నుంచి కూర్చుని ఉంది. చనిపోయిన తల్లి ఆదరణ కూడికకి కార్డులు కావాలి, సాయంత్రానికి ప్రెస్సుకి వెళ్ళాలి. అప్పటికే రెండుసార్లు కంప్యూటర్ బిగుసుకుపోయి, చేసిందంతా పోయి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాను. ఒంటిగంటకి భోజనానికొచ్చిన మా ఆయన కరుణాకర్ చెప్పులు విడుస్తూ తెర వంక చూసి, "ఇంకా అవలేదా? కంప్యూటర్ స్లో కాదమ్మా, ఈవిడ చెయ్యి స్లో," అన్నాడు ఆ అమ్మాయితో.

ఆ అమ్మాయి తల దించుకుంది. నేను లేచి చేతులు కడుక్కుని ఆయనకి అన్నం పెట్టాను. మిరపకాయల ఘాటుకి వేళ్ళు మండుతున్నాయి. ఆ వేళ్ళతోనే పెరుగు వడ్డించాను. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, "పాపం, దుఃఖంలో ఉన్న మనిషిని అట్లా కూర్చోబెట్టకూడదు," అని నాకు బుద్ధి చెప్పి మిల్లుకి వెళ్ళిపోయాడు.

చిలకలూరిపేటలో మా ఇంటి ముందుగదే కరుణ గ్రాఫిక్స్. బోర్డు మీద 'ప్రొప్రయిటర్: పి. కరుణాకర్' అని ఉంటుంది. ఆ బోర్డు డిజైన్ చేసింది కూడా నేనే. ఆయన స్పిన్నింగ్ మిల్లులో గుమాస్తా. డి.టి.పి. నేర్చుకున్నది నేను, పెళ్ళికి ముందు, గుంటూరు బ్రాడీపేటలో ఆరు నెలలు బస్సులో పోయి వచ్చి. తెలుగు కీబోర్డు మీద 'క్ష' ఎక్కడుందో ఆయనకి ఈ రోజుకీ తెలియదు. తొంభై ఎనిమిదిలో కంప్యూటర్ కొన్నప్పుడు మా చర్చి సంఘంలో అందరికీ "మా ఆవిడకి కాలక్షేపంగా ఉంటుందని" అని చెప్పాడు. నా కాలక్షేపం పొద్దున తొమ్మిదికి మొదలై, దీపాలు పెట్టేదాకా సాగుతుంది. పత్తి విత్తనాల కరపత్రాలు, పెళ్ళి శుభలేఖలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, స్వస్థత కూటాల పోస్టర్లు. మధ్యమధ్యలో ఇల్లు.

అయిదేళ్ళయ్యేసరికి ఆ యంత్రం ముసలిదైపోయింది. దాని నిదానం నా ఒంట్లోకి ఎక్కిపోయింది. స్విచ్ వేస్తే తెర సిద్ధమయ్యేలోపు పాలు కాగుతాయి. ఫొటో ఉన్న ఫైలు తెరుచుకునేలోపు అన్నం వార్చొచ్చు. ప్రింటుకిచ్చి, పెరట్లోకి వెళ్ళి రెండు చీరలు జాడించి ఆరేసి వస్తే, అప్పుడు కాగితం కదులుతుంది. ఎవరూ నాకిలా చెయ్యమని చెప్పలేదు. ఖాళీగా కూర్చుంటే మా అత్తయ్య ఎస్తేరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఏమీ అనేది కాదు. నిలబడి, తెర వైపు చూసి, నా చేతుల వైపు చూసేది. ఆ చూపుకి భయపడి నేనే పనులు వెతుక్కున్నాను. "కూర్చుని చేసే పనికి అలసటేంటమ్మా, మేం పొగాకు కాల్చే బేరన్ల దగ్గర నిలబడి చేశాం," అని ఒకసారి అంది. నడుం నొప్పి అన్నందుకు. ఆవిడ నిలబడ్డమాట నిజమే. అందుకని ఎదురు చెప్పలేదు. కానీ ఆవిడ పడ్డ కష్టం నా నడుం మీద ఎందుకు మోపుతుందో నాకు అర్థమయ్యేది కాదు.

కార్డులు ఆ సాయంత్రానికి అవలేదు. ఆ అమ్మాయి నన్నేమీ అనకుండా, తల్లి ఫొటో తీసుకుని వేరే చోటికి వెళ్ళిపోయింది. అనుంటే బాగుండేది. రెండ్రోజులు ఆ సగం ముఖమే కళ్ళ ముందు ఆడింది.

ర్యామ్ పెంచి, కొత్త హార్డ్ డిస్క్ వేస్తే ఈ కంప్యూటరే పరిగెడుతుందని నేను కరుణాకర్‌కి చెప్పటం అది నాలుగోసారి. "ముందు ఉన్నదాన్ని సరిగ్గా వాడటం నేర్చుకో," అన్నాడు. గుంటూరు నుంచి వచ్చే మెకానిక్ సిలార్‌ని పిలిపిస్తే, అతను గుమ్మంలోంచే, "సార్ లేరా మేడమ్?" అన్నాడు. లేరన్నాను. ఏం కావాలో విడమరిచి చెప్పాను. నూట ఇరవై ఎనిమిది ఎంబీ ర్యామ్, ఇరవై జీబీ డిస్క్. అతను తల ఊపి, "సార్‌తో ఒకమాట అనుకుంటాను," అన్నాడు. నా ఎదుటే మిల్లుకి ఫోన్ చేశాడు. అవతల ఆయన ఏమన్నాడో గానీ సిలార్ నవ్వు ఆపుకుంటూ నా చేతుల వైపు చూశాడు.

ఒక శుభలేఖల పార్టీ నేరుగా నా చేతికిచ్చిన డబ్బు ఉంటే, అది సిలార్‌కే ఇచ్చి, "నాకు సామాను తెచ్చిపెట్టు చాలు," అన్నాను. వారానికి తెచ్చాడు. బల్ల మీద పెట్టాడు గానీ స్క్రూడ్రైవర్ తియ్యలేదు. "సార్ వచ్చాక వేస్తాను. సార్ లేకుండా క్యాబినెట్ విప్పితే రేపు నాకు మాటొస్తుంది," అని కోపం లేకుండా, చాలా మర్యాదగా చెప్పి బస్సు వేళైందని వెళ్ళిపోయాడు.

నేను ఆ రెండు పొట్లాలూ దగ్గరికి లాక్కున్నాను. అయిదేళ్ళలో ఎంతమంది మెకానిక్‌లు ఈ పెట్టె విప్పారో! వచ్చిన ప్రతివాడూ నన్ను టార్చి పట్టుకోమనేవాడు. పట్టుకున్నాను. ఎక్కడ వెలుతురు వెయ్యాలో తెలియాలంటే, ఏం చేస్తున్నారో తెలియాలి. ఏ తీగ ఎక్కడికి పోతుందో, ఏ క్లిప్పు ఎటు నొక్కితే ఊడుతుందో వాళ్ళ భుజాల మీదుగా చూసి చూసి నాకు వచ్చేసింది. వచ్చని ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా చెప్పుకోలేదు.

ప్లగ్గు పీకి, మూత విప్పాను. లోపలంతా ఎర్రగా ఉంది. పక్కింట్లో కారం మిల్లు. అయిదేళ్ళ కారం ధూళి ఫ్యాను రెక్కల మీద, బోర్డు మీద మందంగా పేరుకుపోయింది. రంగులేసే బ్రష్‌తో దులుపుతుంటే తుమ్ములు, కళ్ళ వెంట నీళ్ళు. "ఏం కాలుస్తున్నావమ్మా?" అని అత్తయ్య లోపల్నుంచి దగ్గింది. ఇన్నాళ్ళూ ఈ ధూళిలో ఊపిరాడక ఇది ఆగిపోతుంటే నా చెయ్యి స్లో అన్నారు. ఆ నీళ్ళు ఏడుపు వల్లో, కారం వల్లో తెలియదు. పవిటతో ముఖం తుడుచుకుని, మెకానిక్‌లు చేసినట్టే క్యాబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకుని ర్యామ్ పెట్టాను. స్విచ్ వేస్తే తెర నల్లగా ఉండిపోయి, బీప్, బీప్, బీప్ అంది. పాడుచేశాను, ఇక జీవితాంతం ఈ మాట వింటాను అనుకున్నాను. మళ్ళీ ప్లగ్గు పీకి, ర్యామ్ తీసి, చివర్లు మెత్తటి గుడ్డతో తుడిచి, రెండు బొటనవేళ్ళతో గట్టిగా నొక్కాను. టక్కుమంది. ఈసారి తెర మీద అంకెలు గిర్రున తిరిగి నూట అరవై మూడు వేల చిల్లర దగ్గర ఆగాయి. ఇదివరకు ముప్ఫై రెండు వేల దగ్గరే ఆగేవి. రెండ్రోజులు పట్టింది పాత డిస్క్‌లో ఉన్నదంతా కొత్తదానికి ఎక్కించి, విండోస్, తెలుగు ఫాంట్లు వేసుకోవడానికి. మూడోనాడు ఫొటో ఉన్న ఫైలు మీద నొక్కాను. చేట ఒళ్ళోకి తీసుకునేలోపు తెరుచుకుంది.

నా లెక్క చిన్నది. పని మూడింటికి అయిపోతుంది. మూడు నుంచి నాలుగు దాకా నేను కాళ్ళు చాపుకుని పడుకుంటాను. అంతే. ఆ గంట నాకు నాలుగు రోజులే దక్కింది. అయిదో రోజు కరుణాకర్ వచ్చి, "స్పీడయిందిగా, ఇంకో రెండు స్కూళ్ళ ప్రశ్నపత్రాలు ఒప్పుకున్నాను," అన్నాడు. ఎవరు స్పీడు చేశారో అడగలేదు. సిలార్ చేశాడనుకున్నాడు, ఆ తర్వాత తానే చేయించాననుకున్నాడు. అత్తయ్యకి మరో బాధ. "ఇదివరకు మధ్యలో నాలుగుసార్లు లేచి ఇంట్లోకి వచ్చేది. ఇప్పుడు కుర్చీకి అతుక్కుపోయింది," అని కొడుకుతో అంది. పాలు పొంగుతున్నాయి, అన్నం ముద్దవుతోంది. నేను కొన్న వేగాన్ని వీళ్ళిద్దరూ చెరో పక్కనుంచి పట్టుకుని లాక్కున్నారు.

ఆ స్కూళ్ళలో ఒకటి నరసరావుపేట రోడ్డులో ఉన్న ఆడపిల్లల స్కూలు. దాని కరస్పాండెంటు నసీమున్నీసా గారు, యాభై అయిదేళ్ళ మనిషి, మాట తక్కువ. ప్రశ్నపత్రాలు ఇచ్చిన రోజే చేతికందేసరికి, "మీ కంప్యూటర్ కొత్తదా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే, సెలవు కాబట్టి ఇంట్లో ఉన్న కరుణాకర్, "పాతదే మేడమ్. ర్యామ్ పెంచి, డిస్క్ మార్చి నేనే స్పీడ్ చేశా," అన్నాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక గ్లాసు ఆవిడకి, ఒకటి ఆయనకి ఇచ్చాను. "మా స్కూల్లో ఎవరో దానమిచ్చిన పాతవి ఎనిమిది ఉన్నాయి. ఒక్కటీ సరిగ్గా నడవదు. చూస్తారా?" అన్నారావిడ. చూస్తానన్నాడు. ఆవిడ వెళ్ళాక వంటింట్లోకి వచ్చి, "శనివారం నువ్వూ రా. ఊరికే, సాయానికి," అన్నాడు.

శనివారం స్కూల్లో ఆయన మొదటి కంప్యూటర్ స్విచ్ వేసి, అది కదలకపోయేసరికి, "ఇవన్నీ పాత ఇనుముకి వెయ్యాల్సినవే," అని ఆఫీసు గదిలోకి పోయి పేపరు చదువుతూ కూర్చున్నాడు. నేను కింద గచ్చు మీద కూర్చుని ఎనిమిదీ విప్పాను. మూడింట్లో బోర్డులు పోయాయి. వాటి ర్యామ్‌లు తీసి మిగతా అయిదింటికి సర్దాను. పనిలేని ప్రోగ్రాములు తీసేశాను. మధ్యాహ్నానికి అయిదూ నడుస్తున్నాయి. తలుపు దగ్గర నసీమున్నీసా గారు ఎంతసేపట్నుంచి నిలబడ్డారో నేను చూసుకోలేదు. చీర నిండా దుమ్ము, చేతిలో స్క్రూడ్రైవర్. ఆవిడ వెనకే కరుణాకర్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఇవి ఇప్పుడు ఎంత ఎంబీ చేశారు కరుణాకర్ గారూ?" అని అడిగారావిడ.

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పార్టీల ముందు, సంఘపెద్దల ముందు, ఆ చూపు రాగానే నేను మెల్లగా జవాబు అందించేదాన్ని. ఆయన దాన్ని పైకి చెప్పేవాడు. పెళ్ళయినప్పట్నుంచి, ఏడేళ్ళుగా అంతే. నేను స్క్రూలు ఏరుకుంటూ ఉండిపోయాను.

"సరిపోయేంత చేశాం మేడమ్," అన్నాడు.

"మీ ఇంట్లోదానికి డిస్క్ మార్చారు కదా, పాతదాంట్లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి ఎలా తెచ్చారు? మా ఆఫీసుదానికీ అట్లా చెయ్యాలి."

"రెబ్కా, మేడమ్‌కి చెప్పు," అన్నాడు.

నేను లేచి నిలబడి చీర దులుపుకున్నాను. "మీరు చేసిన పని నేనెలా చెప్పగలనండీ?" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. నసీమున్నీసా గారు నా వైపు తిరిగి, "పిల్లలకి కంప్యూటర్ చెప్పే మనిషి లేరమ్మా. తొమ్మిది నుంచి నాలుగు దాకా. వస్తావా?" అన్నారు.

"ఇంట్లో మా అమ్మ ఉంది మేడమ్, షాపుంది, ఈవిడకి కుదరదు," అన్నాడు కరుణాకర్.

"సోమవారం నుంచి వస్తానండీ," అన్నాను.

స్కూటర్ మీద జిన్నింగ్ మిల్లు దాటాక ఆయన, "నలుగురిలో నా పరువు తీశావు," అన్నాడు.

"నలుగురు లేరండీ. ఒక్కావిడే ఉంది," అన్నాను.

ఇంట్లో ఆదివారమంతా అది నడిచింది. గుడిలో ప్రసంగం విని వచ్చాక అత్తయ్య, "భర్తకి లోబడి ఉండమని ఇప్పుడే విన్నావుగా," అంది. విన్నానన్నాను. "అన్నం ఎవరు వండుతారు?" అంది. పొద్దున వండేసి వెళ్తాను, మధ్యాహ్నం వడ్డించుకోండి అన్నాను. వడ్డించుకోవడమనే మాట ఆవిడకి నేను ఇల్లు వదిలిపోతానన్నట్టు వినిపించింది. "షాపు ఎవరు చూస్తారు?" అన్నాడు కరుణాకర్. బోర్డు మీద మీ పేరే ఉందిగా అన్నాను. అంత మాట నా నోటి నుంచి వస్తుందని నేనూ అనుకోలేదు. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ రోజు నేను ఆయన్ని బతిమాలడానికి వెనకాల వెళ్ళలేదు. నా అన్నం నేను తిన్నాను.

సోమవారం వెళ్ళాను. మంగళవారం వెళ్ళాను. బుధవారం ఆయన మిల్లుకి సెలవు పెట్టాడని అత్తయ్య నాకు వినపడేలా పక్కింటావిడతో చెప్పింది. ఆ రోజు పదకొండింటికి, పద్నాలుగుమంది ఆడపిల్లలు అయిదు కంప్యూటర్ల చుట్టూ ఒకళ్ళ మీద ఒకళ్ళు వాలిపోయి తమ పేర్లు తెలుగులో కొట్టుకుంటుంటే, ఆఫీసులోంచి ఆయా వచ్చి ఫోనన్నది. వెళ్ళి తీశాను.

"విత్తనాల కరపత్రం వాళ్ళొచ్చి కూర్చున్నారు," అన్నాడు కరుణాకర్ గొంతు తగ్గించి. "ఫైలు ఎక్కడ పెట్టావు? ఏది నొక్కాలి? వాళ్ళు నన్నే చూస్తున్నారు రెబ్కా, చెప్పు."

చెప్పడానికి అర నిమిషం పట్టదు. క్లాసులో ఉన్నానండీ అని ఫోన్ పెట్టేశాను.