మహిమ దగ్గర మేకు

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది అది. అంతకు ముందు వరదలో నీళ్ళు చర్చి మెట్ల దాకా వచ్చి, మొహమాటపడినట్టు వెనక్కి పోయాయి. ఈసారి ఆ మొహమాటం కూడా లేదు. లోపలికొచ్చి బల్లలన్నీ ఎత్తుకుపోయాయి.

మా ఫాదరుగారు అవతలి ఒడ్డున చిక్కుకుపోయారు. అదివరకు పొద్దునా సాయంత్రం చర్చిలో ఆయనే గడియల ప్రార్థన నడిపించేవారు. తెప్ప మీద వచ్చిన మనిషితో కబురు పంపారు. చర్చి బాగయ్యేదాకా ఎవరెక్కడుంటే అక్కడే చెప్పుకోమన్నారు. తెల్లారి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి.

మా ఇంటావిడకి ఒక మాట చెప్తే చాలు, ఇక ఆ మాటకి తిరుగుండదు. ఆవిడ చదువుకున్నది. ప్రార్థనల పుస్తకం ఆవిడ దగ్గరే ఉండేది. నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. అక్షరాలు నాకంటే ముందు పరుగెత్తుతాయి. అందుకని ఆవిడ చదివేది, నేను విని పట్టుకునేవాణ్ణి. కీర్తనలు రెండు పక్కలుగా పంచుకుని చెప్పాలి. ఒక చరణం ఈ పక్కవాళ్ళది, తర్వాతి చరణం ఆ పక్కవాళ్ళది. కీర్తన అయిపోగానే అందరూ తల వంచి పిత పుత్ర పవిత్రాత్మలకు మహిమ చెప్పాలి. ఆ చోటుని మేం మహిమ అనేవాళ్ళం.

ఇంట్లో చెప్పుకునేవాటితో చిక్కు లేదు. చిక్కంతా మధ్యాహ్నంతోనే.

నాది కర్రల అడితిలో కోత పని. గొయ్యి మీద దుంగ పెట్టి, పైన ఒకడు, కింద ఒకడు నిలబడి నిలువు రంపంతో పలకలు కోయాలి. పైవాడు నేను. దుంగ మీద బొగ్గుదారంతో కొట్టిన గీత తప్పకుండా చూసుకోవడం పైవాడి పూచీ. కిందవాడు మా ఇంటావిడ తమ్ముడు, మా ఇంట్లోనే ఉంటాడు. వాణ్ణి అందరూ రేడియో అంటారు. నిద్రలో కూడా ఆగడు. గోతిలో నోరు తెరిస్తే పొట్టు పడుతుందని మూతికి గుడ్డ కట్టుకుని మరీ మాట్లాడేవాడు.

మిషను రంపాలన్నీ బురదలో కూరుకుపోయాయి. రేవులో ఏరు దాటించే పడవ కట్టడానికి పలకలు కావాలి. దాంతో చేతి రంపాలకి మళ్ళీ గిరాకీ వచ్చింది. మాది ఒక గొయ్యి, పక్కన ఇంకో జంటది ఒక గొయ్యి.

మధ్యాహ్నం పని ఆపితే యజమాని ఊరుకోడు. అందుకని పొద్దున ఆవిడ దగ్గర విని పట్టుకున్న కీర్తనలు కోస్తూనే చెప్పుకునేవాళ్ళం. పైనుంచి నేనొక చరణం, గోతిలోంచి వాడొక చరణం. రంపం ఇద్దరికీ తాళం వేసేది. చెప్పకూడదు గానీ, చర్చిలో కూడా అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

మొదటి పలకలు చూడగానే పడవల మేస్త్రి ఎగిరిపడ్డాడు.

"ఏంటయ్యా ఇది? పలక కోశారా, పాముకి పక్కేశారా?"

నేను దగ్గరికెళ్ళి చూశాను. అక్కడక్కడా గీత విడిచి చిన్న వంపు. వంపుకీ వంపుకీ మధ్య చక్కగా ఉంది. రేడియో వేలితో తడిమి చూసి నా వైపు తిరిగాడు.

"బావా, ఇది మహిమ. ఇదీ మహిమే."

నిజమే. కీర్తన అయిన ప్రతిసారీ పైన నేను తల వంచాను, గీత మీద నుంచి కన్ను పోయింది. కింద వాడూ వంచాడు, రంపం వాడితో పాటు ఒరిగింది.

యజమాని వచ్చాడు. "మధ్యాహ్నం మీరు పాట ఎత్తుకున్న దగ్గర్నుంచే ఈ వంకర. నేనేం చెవిటోణ్ణి కాదు."

"పాట కాదండీ, ప్రార్థన," అన్నాడు రేడియో.

"ఏదైతే నాకేం? రేపు కూడా ఇట్లాగే ఉంటే ఎల్లుండి ఈ గోతిలో వేరేవాళ్ళు దిగుతారు. అదో ఇదో తేల్చుకోండి."

ఆ సాయంత్రం ఇంటికి పోయి సంగతి చెప్పాం. చెప్పింది రేడియోనే, నేను కాళ్ళు కడుక్కున్నాను.

"నువ్వే చెప్పక్కా, పొట్ట ముఖ్యమా కాదా? మధ్యాహ్నం మనసులో అనుకుంటాంలే."

"మనసులోనా? నీ మనసులో ఎప్పుడూ నువ్వే వాగుతుంటావు. దేవుడికి సందెక్కడ?"

"పోనీ బావని అడుగు."

"ఆయన్ని అడిగితే రేపటికొస్తుంది జవాబు."

పని పోతే ఆ ఏడాది ఇంకో పని దొరకదు. కానీ పుస్తకంలో ఉన్నది నా నోటికి రావడం నా జన్మలో అదే మొదలు. వరద మా ఇంట్లో చాలా పట్టుకుపోయింది. ఆ కీర్తనలు వరద తర్వాత వచ్చినవి. వాటిని నా చేత్తో వదిలేయబుద్ధి కాలేదు.

మా ఇంటావిడ లేచి, దుప్పటి తెచ్చింది. "ఎట్లా కోస్తారో చూపించండి."

నన్ను బల్ల ఎక్కించింది. తమ్ముణ్ణి కింద నిలబెట్టింది. మెలిపెట్టిన దుప్పటి చెరో కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టాం. ముగ్గురం కలిసి సాయంకాల ప్రార్థన అట్లాగే చెప్పాం. మహిమ దగ్గర మేమిద్దరం తల వంచగానే దుప్పటి పక్కకి పోయింది. ఆవిడ పకపకా నవ్వింది.

"అదిగో! మీరిద్దరూ దండం పెట్టుకున్నారు, రంపం దాని దారిన అది షికారుకెళ్ళింది. అక్కడ రంపం ఆపండి మరి."

"ఆపితే ఊరికే నిలబడ్డామంటాడక్కా. ఆయన కళ్ళు మామీదే ఉంటాయి."

అప్పుడు తట్టింది నాకు. "మేకు," అన్నాను.

ఇద్దరూ నా మొహం చూశారు. గోడ మాట్లాడినట్టు.

ఇంకొంచెం చెప్పక తప్పలేదు. కోత సాగేకొద్దీ వెనక సందు మూసుకుపోతుంది. మూసుకుపోతే రంపం బిగుసుకుంటుంది. అందుకని సందులో చెక్క మేకు పెట్టి, కాసేపటికోసారి రంపం ఆపి దాన్ని ముందుకి కొట్టాలి. ఎటూ ఆపాల్సిందే. అది మహిమ దగ్గరే ఆపుదాం అన్నాను.

"బావ ఇన్ని మాటలు!" అన్నాడు రేడియో. "మా అక్క పెళ్ళిలో కూడా ఇన్ని మాట్లాడలేదు."

మర్నాడు మధ్యాహ్నం యజమాని దుంగల మీదెక్కి కూర్చున్నాడు. పడవల మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేం ప్రార్థన ఎత్తుకున్నాం. కీర్తన అయింది. రంపం ఆగింది. తల వంచి మహిమ చెప్పాం, తల ఎత్తాం, నేను సుత్తి తీసి మేకు ముందుకి కొట్టాను. మళ్ళీ కోత, తర్వాతి కీర్తన. రంపం ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. ఆ పూట అది వెన్నలో దిగినట్టు దిగింది.

పలక విడిపోయాక మేస్త్రి దారం పట్టి చూశాడు. తృప్తి లేక ఒక కన్ను మూసి కొస నుంచి చూశాడు. రెండో కన్ను కూడా మూసి చూస్తాడేమో అనుకున్నాను.

"ఇది అడుక్కి వేసే పలక కాదు," అన్నాడు. "ఎక్కేవాళ్ళకి కనపడేట్టు పైన వేస్తాను."

రేడియో గోతిలోంచి పైకొచ్చాడు. తలనిండా పొట్టు. ఛాతీ మాత్రం ఇంత ఎత్తున ఉంది. నాదీ అంతే ఉందనుకుంటా.

యజమాని దుంగ దిగాడు. "మేకు వేళకి పడుతోంది," అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అంతే. ప్రార్థన మాట మళ్ళీ ఎత్తలేదు.

పక్క గోతిలో పైన కోసే పెద్దాయన మా దగ్గరికొచ్చాడు. ఆయనది మా మతం కాదు.

"మీరు ఆగినప్పుడల్లా ఒక కేక వెయ్యండయ్యా. మావాడు మేకు మర్చిపోయి రంపం బిగించేస్తున్నాడు. మీతో పాటు మేమూ మేకు కొట్టుకుంటాం."

"కేకెందుకు పెద్దాయనా?" అన్నాడు రేడియో. "నా గొంతు ఏరు అవతల మా ఫాదరుకే వినపడుతోంది. మీకు వినపడదా?"

"వినపడటం కాదు, రెండు మూడు ముక్కలు నోటికే వచ్చేశాయి," అన్నాడాయన.

ఇంటికి పోయి ఈ మాట నేనే చెప్పాను. మా ఇంటావిడ కొంగుతో మొహం తుడుచుకుని, పుస్తకం తెరిచి, "కానివ్వండి, వేళవుతోంది," అంది. ఆ పూట ఆవిడ గొంతు వీధి చివరిదాకా వెళ్ళింది.

మర్నాడు తెల్లారి ప్రార్థన కాగానే అడితికి పోయాను. ఇంకా ఎవరూ రాలేదు. చేవదేరిన ముక్క ఒకటి ఏరుకుని, మంచి మేకు చెక్కి, అంచులు నున్నగా తీసి, పక్క గోతి గట్టున పెట్టాను. తర్వాత నా దుంగ ఎక్కి, దారానికి బొగ్గు పూసి, గీత కొట్టుకున్నాను.