ఊడదీసిన వైపర్లు

ముసురు పట్టిన వాన ఆ పొద్దున కాస్త తెరిపి ఇచ్చింది. ఆ సందులోనే రాజమల్లు తన పాత తెల్లకారు తెచ్చి అంజవ్వ వాకిట్లో ఆపాడు. ఎడమ తలుపుకు తాడు కట్టిన కారది. అయితేనేం, ఊళ్లో సగం మంది మగవాళ్లను విమానం ఎక్కించింది అదే. ఎక్కించడమే దానికి తెలుసు, తర్వాతి సంగతి దానికేం పట్టింది!

సరిత అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మొగుడు దుబాయి పోయే రోజు కూడా బీడీలేందని అత్త అంజవ్వ గొణిగింది. చేతులు ఊరికే ఉంటే కండ్లు ఊరికే ఉండవని కోడలికి తెలుసు.

రాజమల్లు వైపర్‌ను లేపి నిలబెట్టాడు. కొక్కెం దగ్గరున్న చిన్న బొడిపె నొక్కి బ్లేడును కిందికి జారిస్తే ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని పక్కన పెట్టి, మిగిలిన ఉత్త కడ్డీకి రుమాలు చుట్టాడు.

"గిది జారి అద్దం మీద వడ్డదనుకో, అద్దం పలుగుతది తమ్మీ," అన్నాడు సరిత మొగుడు మహేశ్‌తో. "వానకాలం బండికి రబ్బరే పానం. మట్టి పట్టకుండ కడుక్కోవాలె."

మహేశ్ తలూపాడు గానీ విన్నట్టు లేదు. విన్నది సరిత. రెండు బ్లేడ్లూ కడిగి, కొక్కేనికి తగిలించి, టక్కుమని చప్పుడయ్యేదాకా పైకి లాగడం ఆమె కన్నార్పకుండా చూసింది.

మహేశ్‌కు ఇది రెండో ప్రయాణం. మొదటిసారి పోయి, ఎండలో సలాకలు కట్టీ కట్టీ, ఎముకల గూడై వచ్చాడు. జగిత్యాల డాక్టరు కిడ్నీలు సగం పోయాయన్నాడు. మళ్లీ ఆ ఎండలోకి పోతే మిగిలిన సగం కూడా పోతుందన్నాడు, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు. ఆ మాట విన్నది మొగుడూ పెళ్లాలిద్దరే. బస్సు దిగుతూనే మహేశ్ ఆమె చేయి పట్టుకుని, "అవ్వకు చెప్పినవంటె నవ్య మీద ఒట్టే," అన్నాడు. బిడ్డ మీద ఒట్టు! ఈ మగవాళ్లకు ఆడదాని నోరు కుట్టాలంటే ఎక్కడ సూది గుచ్చాలో బాగా తెలుసు. అప్పటికే బర్లు అమ్మి వీసా తెచ్చారు. ఏజెంటు డాక్టరు పరీక్ష కూడా తానే 'చూసుకున్నాడు'. ఇక ఇంట్లో కాదనే నోరు లేదు. కొడుకు లోపల ఏం కరిగిపోతోందో తెలియని అంజవ్వ పచ్చళ్లు మూట కడుతోంది.

ఒట్టు నోటికే గానీ చేతులకు లేదు కదా అనుకుంది సరిత.

అన్నానికి రమ్మని అంజవ్వ రాజమల్లును లోపలికి పిలిచింది. మళ్లీ చినుకులు మొదలయ్యాయి. సరిత కొంగు నెత్తిన వేసుకుని కారు దగ్గరికి పోయింది. బొడిపె నొక్కింది, జార్చింది. ఒకటి ఊడింది. రెండోది మొరాయించింది, వేలు చీరుకుని నెత్తురొచ్చింది, అయినా ఊడింది. ఉత్త కడ్డీలను చూస్తే ఆమెకు భయమేసింది. రాజమల్లు బతుకు ఆ కారు మీదే, పాపం అద్దం పలిగితే ఎట్లా? పాత చీర పేలికలు తెచ్చి రెండు కడ్డీలకూ చుట్టి, బీడీల దారంతో గట్టిగా కట్టింది. వైపర్లను తునికాకు గంపలో తడిగోనె కింద దాచింది.

పొద్దు గూకేసరికి హైదరాబాదులో ఉండాలి. ఇవాళొక్క రోజు తప్పిపోతే చాలు, టికెట్టు మురిగిపోతుంది, వీసా గడువు దాటిపోతుంది. నింద వాన మీద పడుతుంది.

చేయి కడుక్కుని వచ్చిన రాజమల్లు కారును చూసి గుండెలు బాదుకున్నాడు. "ఏ లంగ కొడుకు తీసుకపోయిండే!" అంటూ వాడకట్టంతా తిరిగాడు. వానలో పిల్లలను నిలదీశాడు, వాళ్ల తల్లుల చేత తిట్లు తిన్నాడు. తిరిగొచ్చి కడ్డీలు చూసి విస్తుపోయాడు.

"దొంగోడైనా మంచోడే అవ్వా. అద్దం పలుగకుండ పేలికలు సుట్టిండు."

మహేశ్ వచ్చి ఆ కట్లు విప్పాడు. పేలికను చూశాడు, దారాన్ని చూశాడు. బీడీ మెడకు వేసే ముడిని పెండ్లయిన నాటి నుంచీ చూస్తున్నవాడు. రెండూ జేబులో వేసుకుని, అరుగు మీద కూర్చున్నాడు. సరిత వైపు మాత్రం చూడనే లేదు.

వాన కుండపోత అయింది. కోరుట్లలో బండి సామాన్ల దుకాణాలు ఆ రోజు బంద్. బస్సు పట్టుకుంటే అందే వేళ దాటిపోయింది.

"ఎట్లరా మహేశూ?" అంజవ్వ ఏడుపు మొహం పెట్టింది.

"ఎట్లనో ఏందో, చూద్దాం తియ్యి," అన్నాడు మహేశ్, కూర్చున్నచోటు నుంచి కదలకుండానే.

తోవ దొరికింది రాజమల్లుకే. "బిడ్డా సరితా, నీ చాటల తంబాకు ఇంత తే. తడిపి అద్దానికి రుద్దితె నీళ్లు నిలువయి, జారిపోతయి. సిరిసిల్ల దాక గట్లనే పోయినమంటె ఆడ వైపర్లు కొనుక్కోవచ్చు."

కాదంటే దొరికిపోతుంది. సరిత పిడికెడు తంబాకు ఇచ్చింది. రాజమల్లు దాన్ని అద్దమంతా రుద్దాడు. మహేశ్ అప్పుడు లేచాడు. తల్లి కాళ్లు మొక్కాడు, నిద్రపోతున్న నవ్యను ముద్దు పెట్టుకున్నాడు, ముందు సీట్లో కూర్చున్నాడు. అందరూ ఉన్నచోట పెళ్లానికి చెప్పే మాటలేముంటాయి?

కారు కదిలి, వాకిలి దాటిందో లేదో ముందు చక్రం మోరీ కాలువలో పడింది. మహేశ్ నుదురు పోయి అద్దానికి కొట్టుకుంది. వాడకట్టు వాళ్లంతా కలిసి బండిని లేపారు. రాజమల్లు నవ్వబోయి నవ్వలేకపోయాడు. "గల్లీల గిట్లనే ఉంటది. రోడ్డెక్కితె కనవడతది," అన్నాడు.

అద్దం మీద ఎర్రటి తంబాకు నీళ్లు కారుతున్నాయి. దాని వెనక మొగుడి మొహం ఎక్కడుందో సరిత కంటికి ఆనలేదు. వేములవాడ తోవలో ఎదురొచ్చే లారీలు ఆమె కండ్ల ముందు తిరిగాయి. దుబాయి పోతే ఎండ ఎన్నాళ్లకు చంపుతుందో, ఈ వాన ఇప్పుడే చంపేట్టుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంతకన్నా ఆలోచించే తీరిక లేదు. రాజమల్లు మళ్లీ తాళం తిప్పి బండి చాలూ చేశాడు.

ఆమె లోపలికి ఉరికి, గోనె లాగేసి, వైపర్లు పట్టుకుని వానలోకి ఉరికింది.

"దొరికినయి! పెంట మీద వడ్డయి!"

"పోశవ్వ తల్లే సూపెట్టింది," అని అంజవ్వ చేతులు జోడించింది. రాజమల్లు ఒకటి అందుకుని తన పక్క బిగించాడు. మహేశ్ పక్కది ఆమె తానే బిగించింది. కొక్కేనికి తగిలించి, టక్కుమనేదాకా పైకి లాగింది. నేర్పినవాడు లేకుండానే కోడలికి ఆ పని ఎట్లా వచ్చిందని ఎవరూ అడగలేదు, తొందరలో ఉన్నారు.

వైపర్లు కదిలాయి. అద్దం తేటపడి మహేశ్ కనిపించాడు. నుదుటి మీద బొప్పి కట్టింది. ఆమెనే చూస్తున్నాడు. తలుపు అద్దం సగం దించి, దగ్గరికి రమ్మన్నట్టు తల ఊపాడు. ఆమె వంగింది.

"ఇంకింతసేపు దాస్తె అయిపోతుండె గదనే," అన్నాడు మెల్లగా. "టైం దాటిపోతుండె."

సరిత నోరు తెరిచేలోపే కారు కదిలింది. రాజమల్లుకు ఇప్పుడు తోవ బాగా కనబడుతున్నట్టుంది, మూల మలుపు దగ్గర కూడా ఆపలేదు.