ముప్ఫై ఎనిమిదో నంబరు బిళ్ళ

ఆరో రోజు పొద్దుటికే గున్‌వోర్‌కి ఓపిక అడుగంటింది. ప్రయాణం ఇంకా నాలుగు రోజులుంది.

‘హవెల్లా’ ఓడలో ఆ విడత తొంభై ఆరు మంది అతిథులు. వాళ్ళని ఏ దీవిలో దింపాలి, ఎప్పుడు దింపాలి, మంచు అడ్డొస్తే ఎటు మళ్ళించాలి అన్నదంతా గున్‌వోర్ పని. పన్నెండు వేసవులుగా ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల చుట్టూ ఇదే పని చేస్తోంది. చలి ఆమెని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టేది పొద్దున ఫలహారాల వేళ.

కాఫీ గ్లాసు ఇంకా నోటి దాకా పోకముందే ఒక పెద్దమనిషి ఫోను పట్టుకుని వచ్చాడు.

"నిన్న మీరు చూపించింది ఎలుగుబంటేనా? నా ఫొటోలో రాయిలా ఉంది."

"ఎలుగుబంటేనండీ. మూడు వందల మీటర్ల కన్నా దగ్గరికి వెళ్ళకూడదు. చట్టం ఒప్పుకోదు."

"మనం వెళ్ళకూడదు సరే. దాన్నే కాస్త ఇటు రప్పించలేరా?"

గున్‌వోర్ నవ్వింది. ఆ నవ్వు ఆమె ఉద్యోగంలో భాగం. అతను వెళ్ళగానే ఇంకొకావిడ వచ్చి, పై డెక్కు మీద వేడినీళ్ళ తొట్టిలో కూర్చుంటే ఆవిరికి మంచుకొండలు కనిపించడం లేదనీ, ఏదైనా చెయ్యమనీ అడిగింది. ఆవిరిని ఆపమనా, కొండల్ని జరపమనా అని అడగబోయి ఊరుకుంది.

ఓడ మొత్తం మీద ఏ ఫిర్యాదూ లేని మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ పేరు టూరున్. నార్వేలో హామర్ ఊరి దగ్గర ఒక బడిలో ముప్ఫై ఏళ్ళు భూగోళం చెప్పి రిటైరైంది. ఈ దీవుల పేర్లన్నీ పిల్లల చేత వల్లె వేయించింది గానీ ఒక్కదాని మీదా కాలు పెట్టలేదట. ఇప్పుడు రోజూ అందరికంటే ముందు బూట్లు వేసుకుని మెట్ల దగ్గర నిలబడేది. భర్త ఒడ్‌వర్ ఆవిడకి పూర్తిగా విరుద్ధం, నింపాది మనిషి. ముప్ఫై నాలుగేళ్ళు రేవులు దాటించే ఫెర్రీ ఓడల్లో ఇంజను గదిలో పనిచేశాడు. మొదటి రోజే గున్‌వోర్ దగ్గరికి వచ్చి, "మా ఆవిడ నడకని నా మోకాళ్ళు అందుకోలేవమ్మా, నన్ను రెండో జట్టులో వెయ్యి" అన్నాడు. మొదటి జట్టు కొండలెక్కే వాళ్ళది. రెండో జట్టు ఒడ్డు వెంట మెల్లగా తిరిగే వాళ్ళది. వేసింది.

ఓడ దిగే చోట గోడకి ఒక చెక్క పలక ఉంటుంది. ఒక్కో అతిథికి ఒక్కో నంబరు బిళ్ళ. దిగేటప్పుడు బిళ్ళ తిప్పితే ఎర్ర వైపు కనిపిస్తుంది, తిరిగొచ్చాక తిప్పితే తెల్ల వైపు. పలకంతా తెల్లగా ఉంటే తప్ప ఓడ కదలదు. "పళ్ళు తోముకోవడం మరిచిపోయినా ఫర్వాలేదు, బిళ్ళ మరిచిపోవద్దు" అని గున్‌వోర్ రోజూ మైకులో చెప్పేది. రోజూ ఎవరో ఒకరు మరిచిపోయేవారు.

ఆ పొద్దున ఉత్తరాన ఒక చిన్న దీవి ముందు లంగరు వేశారు. గున్‌వోర్, తోటి గైడు ఐలిఫ్, ఇంకో ముగ్గురు ముందుగా దిగి, రైఫిళ్ళు భుజానేసుకుని చుట్టూ చూశారు. నారింజ రంగు గుర్తులు పాతి, ఇంతవరకే తిరగాలని హద్దు పెట్టారు. తర్వాత రబ్బరు పడవల్లో అతిథులు వచ్చారు. మొదటి జట్టు దిబ్బ వైపు వెళ్ళింది. రెండో జట్టు ఒడ్డున పాత వేటగాళ్ళ గుడిసె దగ్గర పోగైంది.

గున్‌వోర్ రెండో జట్టుని లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటి. కాగితంలో ముప్ఫై రెండు ఉంది. మళ్ళీ మొదలుపెట్టింది. పదిహేడు దగ్గర ఒకావిడ మోచెయ్యి పట్టుకుంది.

"ఈ జాకెట్టు మీరెక్కడ కొన్నారు? మాకిచ్చిన వాటికి ఇన్ని జేబులు లేవేం?"

లెక్క తప్పింది. రోజూ ఒకటి తగ్గుతూనే ఉంది, చివరికి పలక తెల్లబడుతూనే ఉంది, ఎవరో గుడిసె వెనక ఫొటో తీసుకుంటూ ఉంటారులే అనుకుని ముందుకు నడిచింది. తర్వాత చాలాసార్లు ఆ నిమిషం గుర్తొచ్చి తనని తానే తిట్టుకుంది.

ముప్పావు గంట గడిచింది. దిబ్బ మీద కాపలా ఉన్న ఐలిఫ్ గొంతు వాకీటాకీలో వినిపించింది.

"గున్‌వోర్, ఒకటొస్తోంది. కిలోమీటరు దూరం. తొందరేమీ లేదు దానికి, కానీ ఇటే వస్తోంది."

"అందరినీ కిందికి దింపెయ్. పడవల్ని పిలుస్తున్నా."

ఆరు రోజులుగా ఎలుగుబంటి, ఎలుగుబంటి అని ప్రాణం తీసిన వాళ్ళే, ఎలుగుబంటి వస్తోంది పడవెక్కండి అంటే ఎక్కరు! ఒకడు కెమెరా లెన్సు మారుస్తానన్నాడు. ఒకావిడ భర్తని రాయి పక్కన నిలబెట్టి, ఎలుగుబంటి వచ్చే దిక్కు కూడా పడేలా తీస్తానంది. "పడవలోంచి తీసుకోండి! నడవండి! పరిగెత్తొద్దు, నడవండి!" అని అరిచీ అరిచీ గున్‌వోర్ గొంతు బొంగురుపోయింది. ఎలాగో పావుగంటలో అందరినీ పడవల్లోకి ఎక్కించారు. ఒడ్డున ఆమె, ఐలిఫ్, వాళ్ళ కోసం ఒక పడవ, దాన్ని నడిపే అమ్మాయి మిగిలారు.

హద్దు గుర్తులు పీకుదామని వంగిందో లేదో ఓడ నుంచి పిలుపు.

"గున్‌వోర్, ఒక బిళ్ళ ఎర్రగానే ఉంది."

"తిప్పడం మరిచిపోయుంటారు. పేరు పిలవండి."

"మూడుసార్లు మైకులో పిలిచాం. గది తలుపు కొట్టి చూశాం, లేడు. ముప్ఫై ఎనిమిది. ఒడ్‌వర్. వాళ్ళావిడ ఇక్కడే ఉంది, ఆయన రెండో జట్టులో ఒడ్డునే ఉన్నాడంటోంది."

ముప్ఫై ఒకటి. గున్‌వోర్ గుర్తుల్ని అలాగే వదిలేసి లేచింది.

"మోకాళ్ళు బాగోలేని మనిషి," అంది ఐలిఫ్‌తో. "ఎక్కడో రాళ్ళ మధ్య పడిపోయి ఉంటాడు."

ఇద్దరూ వీపుకి వీపు ఆనించినట్టుగా కదిలారు. ఆమె వెతుకుతుంటే అతను ఎలుగుబంటిని చూస్తున్నాడు. గుడిసె లోపల చూసింది, వెనక చూసింది. అలలు తెచ్చి పడేసిన దుంగల మధ్య చూసింది. "ఒడ్‌వర్! ఒడ్‌వర్!" అని పిలిస్తే ఒడ్డున కూర్చున్న పక్షులు లేచి మళ్ళీ కూర్చున్నాయి.

"ఆరు వందల మీటర్లు," అన్నాడు ఐలిఫ్.

"మంట గుండు పేల్చు."

ఎర్రటి వెలుగు గాల్లోకి లేచి పడింది. ఎలుగుబంటి ఆగింది. ముక్కు పైకెత్తి వాసన చూసింది. కూర్చుంది. కాసేపటికి లేచి మళ్ళీ నడక మొదలుపెట్టింది.

పన్నెండేళ్ళలో గున్‌వోర్ ఏ జంతువు మీదా తూటా పేల్చలేదు. పేల్చకుండా ఉండడమే ఈ పనిలో నేర్పు అని కొత్త గైడ్లకి ఆమే చెప్పేది. ఇప్పుడు ఆ రాళ్ళలో ఎక్కడో ఒక ముసలాయన లేవలేక పడి ఉండి, దాని కంట పడితే ఇంకో దారి లేదు. రైఫిల్ భుజం మీంచి చేతిలోకి తీసుకుంది. చేతి తొడుగులు తీసి జేబులో కుక్కింది.

"గున్‌వోర్," కెప్టెన్ గొంతు. "హెలికాప్టర్ పంపమని దీవుల గవర్నర్ ఆఫీసుకి చెప్పనా?"

"రెండు నిమిషాలు. ఆ చివరి దిబ్బ చూసి చెప్తా."

"నాలుగు వందల మీటర్లు," అన్నాడు ఐలిఫ్. "మనం ఇక్కడ ఉండకూడదు, గున్‌వోర్."

"తెలుసు నాకు! మనిషిని వదిలేసి పోదామా?"

"పోదామన్నానా? ఉండకూడదన్నాను, అంతే."

దిబ్బ చివరికి చేరింది. కింద ఏమీ లేదు, తడి గులకరాళ్ళు తప్ప. హెలికాప్టర్ పిలవమని చెప్పడానికి వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. ఈలోపే అది మోగింది.

"దొరికాడు."

"ఎక్కడ?"



"ఓడలోనే. తువ్వాళ్ళు పెట్టే గదిలో. నిద్రపోతున్నాడు."

"మళ్ళీ చెప్పండి," అంది గున్‌వోర్.

"తువ్వాళ్ళ గదిలో నిద్రపోతున్నాడు. బాగానే ఉన్నాడు. గురక కూడా పెడుతున్నాడట."

ఐలిఫ్ ఆమె మొహం చూసి పడవ వైపు నడిచాడు.

వాళ్ళు పడవని నీళ్ళలోకి తోసుకున్న పది నిమిషాలకి ఎలుగుబంటి ఒడ్డుకి చేరింది. పీకకుండా వదిలేసిన గుర్తుల్లో ఒకదాన్ని పంజాతో కొట్టింది. అది దొర్లింది. ఎలుగుబంటి వెంటపడింది. ఓడ రెయిలింగు దగ్గర తొంభై మంది దాకా చేరి చప్పట్లు. గున్‌వోర్ మెట్లెక్కి పైకి రాగానే ఒకాయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అద్భుతం! ఇన్ని ప్రయాణాలు చేశాను గానీ ఇలాంటి రోజు చూళ్ళేదు. రేపు కూడా ఇలాగే ఏర్పాటు చేస్తారా?"

ఆమె అతన్ని దాటుకుని వెళ్ళిపోయింది. ఈసారి నవ్వలేదు.

కెప్టెన్ గదిలో నలుగురున్నారు. కెప్టెన్, ఒడ్‌వర్, టూరున్, గదులు సర్దే లిగాయా. ఒడ్‌వర్ బుగ్గ మీద తువ్వాలు మడత అచ్చు ఇంకా పోలేదు.

"నాకేం తెలుసు మేడమ్?" అంటోంది లిగాయా. ఆమెది ఫిలిప్పీన్స్. "సారు రోజూ వచ్చి కూర్చుంటారు. నా బండి చక్రం బాగుచేసిచ్చారు. పర్మిషన్ ఉందన్నారు. ఇవాళ సంగతి తెలియగానే నేనే వచ్చి చెప్పానా లేదా?"

"రోజూనా?" అంది టూరున్.

ఒడ్‌వర్ నేల చూపులు చూశాడు. "రెండో రోజు నుంచి."

"బిళ్ళ తిప్పేవాడివి కదా! నేను చూశాను."

"తిప్పి, మెట్ల దాకా వెళ్ళి, తువ్వాళ్ళ గది వైపు మళ్ళేవాణ్ణి. అందరూ తిరిగొచ్చే చప్పుడు వినగానే వచ్చి మళ్ళీ తిప్పేవాణ్ణి. ఇవాళ మీరు త్వరగా వచ్చేశారు. నాకేమో కునుకు పట్టింది."

"మేం త్వరగా వచ్చేశామా?" గున్‌వోర్ గొంతు పెగుల్చుకుని అరిచింది. "ఎలుగుబంటికి ఎదురుగా రైఫిల్ పట్టుకుని మీ పేరు పిలుస్తూ తిరిగానండీ నేను! దాన్ని కాల్చాల్సి వచ్చేది! ఐలిఫ్‌కి ఇద్దరు పిల్లలు!"

"తప్పైపోయిందమ్మా."

"అసలెందుకు?"

ఆయన బుగ్గ మీది మడత అచ్చు తడుముకున్నాడు. "ఆ రబ్బరు పడవ. నీళ్ళు మోచెయ్యి పక్కనే ఉంటాయి. మొదటి రోజు ఎక్కాను, ఊపిరాడలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఓడల్లో చేశాను గానీ ఇంజను గదికి కిటికీ ఉండదు. నీళ్ళెప్పుడు చూశాను? ఊళ్ళో అందరూ నన్ను సముద్రం మనిషి అంటారు. ఈ వయసులో భయమని ఎవరితో చెప్పను?"

"నాతో చెప్పొచ్చుగా," అంది టూరున్.

"నువ్వు ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన ప్రయాణం. చెప్తే నువ్వు కూడా మానేసి నా పక్కన కూర్చునేదానివి."

అక్కడితో ఆవిడ మెత్తబడుతుందని గున్‌వోర్ అనుకుంది. ఆవిడ మొహం మాత్రం ఎర్రబడింది.

"మరి ఆ నక్క?"

ఒడ్‌వర్ కెప్టెన్ వైపు చూశాడు.

"మొన్న రాత్రి భోజనాల దగ్గర చెప్పావే, నీ బూటు వాసన చూసి వెళ్ళిందని? దంతం విరిగిన వాల్రస్? అన్నీ మా చెల్లికి కార్డుల్లో రాశాను, ఒడ్‌వర్! ఓడ పోస్టు డబ్బాలో వేసేశాను కూడా!"

"వాల్రస్ నిజమే," అన్నాడు మెల్లగా. "లిగాయా కిటికీలోంచి చూసి చెప్పింది."

కెప్టెన్ దగ్గాడు. నియమం ప్రకారం మిగిలిన రోజులు ఒడ్‌వర్ ఓడ దిగకూడదని తీర్పు చెప్పాడు. ఒడ్‌వర్ తల వంచుకున్నాడు గానీ, భుజాలు ఎంత తేలికపడ్డాయో గదిలో అందరికీ కనిపించింది.

"ఇది శిక్షా?" అంది టూరున్. "ఆయనకి పండగ!"

"నాకు ఇంకో శిక్ష తెలియదండీ," అన్నాడు కెప్టెన్.

మర్నాడు మెట్ల దగ్గర టూరున్ లేదు. గున్‌వోర్ పలక చూసింది, ఆవిడ బిళ్ళ తెల్లగా ఉంది. నాకెందుకులే అనుకుంది. మిగతా వాళ్ళని పడవెక్కించింది. మూడు పడవలు వెళ్ళాక, విసుక్కుంటూనే పైకి వెళ్ళి గది తలుపు కొట్టింది. టూరున్ మంచం మీద చేతులు కట్టుకుని కూర్చుంది.

"నా మనసు విరిగిపోయింది. రాను."

"కోపం ఆయన మీద, తిరగడం మానేది మీరా?" అంది గున్‌వోర్. "నిన్న ఒక్కరి కోసం వెతికి గొంతు పోగొట్టుకున్నా. ఇవాళ మిమ్మల్ని బతిమాలే గొంతు లేదు నాకు. బూట్లు ఇవిగో. ఆఖరి పడవ ఐదు నిమిషాల్లో వెళ్తుంది."

ఆవిడ ఒక్క క్షణం తీక్షణంగా చూసింది, బడిలో అల్లరి పిల్లని చూసినట్టు. తర్వాత బూట్లు అందుకుంది.

ఆ రోజు దున్నపోతుల్లాంటి సముద్రపు వాల్రస్‌లు నలభై దాకా ఒడ్డున ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. టూరున్ గంటసేపు కదలకుండా వాటిని చూసింది. సాయంత్రం ఓడలోని హాలు గుండా వెళ్తూ గున్‌వోర్ వాళ్ళిద్దర్నీ చూసింది. మధ్యలో గోధుమరంగు జున్ను వేసిన వాఫుల్స్ పళ్ళెం ఉంది. టూరున్ చెబుతోంది, ఒడ్‌వర్ వింటున్నాడు.

"వాసన ఎలా ఉంది?" అని అడిగాడు.

"నీ పాత ఇంజను గది బట్టల్లా ఉంది. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్. అబద్ధాలు చెప్పడం నాకు చేతకాదు."

"ఇంకా కోపమేనా?"

"ఇంకానా? ఇప్పుడేగా మొదలైంది. తిను."

గున్‌వోర్ తన గదికి వెళ్ళి కంప్యూటరు తెరిచింది. కంపెనీ ఆఫీసు నుంచి, నిన్నటి సంగతి మీద ఆమె రాసిన నివేదిక రెండోసారి వెనక్కి వచ్చింది. ‘అతిథి బిళ్ళను తప్పుగా వాడారు’ అని రాసింది చాలదట. ‘మూల కారణం స్పష్టంగా పేర్కొనండి’ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. రెండు పేజీలు రాసి కొట్టేసింది. గొంతు నొప్పి, భుజం నొప్పి, రేపటి దీవి చుట్టూ మంచు ఉందో లేదో ఇంకా చూసుకోవాలి. చివరికి ఒక్క వాక్యం రాసింది.

‘భయమేస్తోందని భార్యతో చెప్పడానికి భయపడ్డాడు.’

పంపేసింది. ఈసారి మాత్రం వెనక్కి రాలేదు.