ఒకసారికి ఒకటే

"ఎలాగూ ఇల్లు తుడుస్తున్నావుగా, ఆ పెట్టెలు కూడా ఓ చెయ్యి చూడు," అన్నాడు భర్త, ఆఫీసుకి బయల్దేరుతూ షూ లేసులు కట్టుకుంటూ.

ఆ ఇంట్లో ఆమె నెత్తిన పడ్డ పనులన్నీ ఈ 'ఎలాగూ' వెంటే వచ్చాయి. ఎలాగూ వంటింట్లోనే ఉన్నావుగా, ఇంకో టీ పెట్టు. ఎలాగూ బజారుకెళ్తున్నావుగా, అమ్మ మందులు కూడా పట్రా. ఎలాగూ నాకన్నా ముందే వస్తావుగా, గ్యాసతను వస్తే నువ్వే చూసుకో. ఆమె ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు ల్యాబ్ అసిస్టెంటు. పుట్టింట్లో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటి మనిషి. ముందే రావడమంటే నాలుగున్నరకి ల్యాబుకి తాళం వేసి, రెండు బస్సులు మారి, ఆరింటికి గుమ్మంలో అడుగు పెట్టడం. ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే భర్త ఆరున్నరకి వస్తాడు. ఆ అరగంట తేడాకి పదేళ్ళుగా ఆమె చేస్తున్న చాకిరీ ఇంతా అంతా కాదు.

పెట్టెలంటే మైనింగ్ మెషీన్లు. ఇటుకకన్నా కాస్త పెద్దవి, నాలుగు. క్రిప్టో నాణెం కోసం పగలనక రాత్రనక లెక్కలు కడుతూ ఉంటాయి. లెక్క కలిస్తే నాణెంలో ఓ ముక్క దక్కుతుంది, కలవకపోతే వేడి గాలి దక్కుతుంది. ఎవరో వాడి వదిలేసినవి భర్త కొనుక్కొచ్చి, ఆమె బట్టలు ఇస్త్రీ చేసుకునే చిన్న గదిలో, ఆమె పుస్తకాల అర ఖాళీ చేయించి వరసగా పెట్టాడు. పుస్తకాలు మంచం కిందకి వెళ్ళాయి. ఫ్యాన్ల రొదకి అత్తగారు వాటికి 'కూత పెట్టెలు' అని పేరు పెట్టింది.

మొదటి నెలంతా అవి నడిచిన గంటలకన్నా ఆగిన గంటలే ఎక్కువ. భర్త ఏదో వీడియో చూసి ఫ్రీక్వెన్సీ పెంచేవాడు. అదే ఊపులో వోల్టేజీ పెంచేవాడు. పనిలో పనిగా ఫ్యాను స్పీడు కూడా కదిలించేవాడు. పెట్టె కాసేపు హుషారుగా ఊగిపోయి, వేడెక్కి, టక్కున ఆగిపోయేది. "పనికిమాలిన సరుకు అంటగట్టాడు వెధవ," అని అమ్మినవాణ్ణి తిట్టుకునేవాడు.

ఆ రోజు ఆమె తడిగుడ్డ పక్కన పడేసి పొడిగుడ్డ పట్టుకుని పెట్టెల ముందు కూర్చుంది. మూడో పెట్టె ఫ్యాను రెక్కలకి వేలెడు మందాన దుమ్ము. ల్యాబుకి తీసుకెళ్ళే సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసి మూత విప్పింది. లోపల చిప్పుకీ, దాని వేడిని లాగే అల్యూమినియం పలకకీ మధ్య రాసిన తెల్లటి పేస్టు ఎండి పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. ల్యాబులో పవర్ సప్లైలకి ఆమె ఏడాదికోసారి అలాంటి పేస్టే రాస్తుంది. మర్నాడు చిన్న ట్యూబు కొనుక్కొచ్చి, పాతది గీకేసి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి పలక బిగించింది. తొమ్మిది డిగ్రీల వేడి తగ్గింది.

అక్కడితో ఊరుకోలేకపోయింది. ఫస్టియర్ పిల్లలకి ఆమె రోజూ చెప్పే మాట ఒకటుంది: ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చాక ఆగాలి, చూసింది చూసినట్టు రాయాలి. పిల్లలు సగం వాడి వదిలేసిన ల్యాబ్ రికార్డు పుస్తకాలు ఆమె దగ్గర బోలెడున్నాయి. అందులో ఒకటి తీసి పెట్టెల పక్కన పెట్టుకుంది. పొద్దున్నే పాలు స్టవ్ మీద పెట్టి వచ్చి ఒక అంకె మార్చేది. సాయంత్రం బస్సు దిగి వచ్చి, చెప్పులు విప్పి, ఏమైందో చూసి రాసేది. ఫ్రీక్వెన్సీ అంటే పెట్టె లెక్క కట్టే వేగం. వోల్టేజీ దానికి పెట్టే తిండి. వేగం పెంచి తిండి పెంచకపోతే లెక్కలు తప్పులు పోతాయి. తిండి ఎక్కువైతే ఒళ్ళు కాలుతుంది. నాలుగూ ఒకే అచ్చులో పోసినట్టున్నా దేని తట్టుకునే శక్తి దానిదే. మూడోది అన్నిటికన్నా నీరసం. దాని వేగం తగ్గించింది.

"తగ్గిస్తే పని ఎక్కువెలా అవుతుందే పిచ్చిదానా?" అని నవ్వాడు భర్త.

తగ్గించిన మూడో పెట్టె ఆ వారమంతా ఒక్కసారి కూడా ఆగలేదు. వారం మొత్తం మీద కట్టిన లెక్కలు ముందు వారానికి రెట్టింపు. "చూశావా, నా సెట్టింగు కుదిరింది!" అన్నాడు భర్త, ఫోన్లో గ్రాఫు చూపిస్తూ.

ఆమె మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదని తర్వాత చాలాసార్లు తనని తానే అడిగింది. ఒక ఇంట్లో ఏ చెయ్యి చేస్తేనేం అనుకుందా? అదొక్కటే కాదు. ఆమెకి అలా అలవాటైపోయింది. ల్యాబులో పొద్దున్నే వచ్చి పరికరాలు తుడిచి, వైర్లు కలిపి, సున్నా సరిచేసి పెట్టేది ఆమె. ప్రయోగం చేసింది పిల్లలంటారు. రికార్డు కింద సంతకం లెక్చరరుది. ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, పరిశీలనలు, ఫలితం అని అన్నిటికీ చోటుంది గానీ, ఇదంతా ఎవరు అమర్చారన్న దానికి ఏ పుస్తకంలోనూ గడి లేదు. ఇంట్లోనూ అంతే. బట్టలు వాటంతటవే మడతపడి అలమరలోకి వెళ్తాయని భర్త నమ్మకం. పెట్టెలు కూడా వాటంతటవే దారికొచ్చాయి.

ఇలా ఉండగా కాలేజీలో కొత్త ఎలక్ట్రానిక్స్ ల్యాబు తెరుస్తున్నారు. దానికి ఇన్‌స్ట్రక్టరు కావాలి. ఫిజిక్సు హెడ్ మేడం ఆమెని పిలిచి చెప్పింది. "నీ పనితనం నాకు తెలుసు, కమిటీకి తెలీదు. నీ అంతట నువ్వు అమర్చి, పరీక్షించి, రాసిపెట్టింది ఏదైనా ఉంటే సోమవారం పదింటికల్లా నా బల్ల మీద ఉండాలి. అది లేకపోతే బయటివాళ్ళ సర్టిఫికెట్ల ముందు నీకోసం నేనేం మాట్లాడలేను."

ఉంది. నలభై ఏడు పేజీలుంది. ఆ సాయంత్రం బస్సులో సీటు దొరక్కపోయినా ఆమెకి కాళ్ళు నొప్పనిపించలేదు.

ఇంట్లో చెప్తే భర్త, "ఇన్‌స్ట్రక్టరంటే ఐదున్నర దాకా ఉండాలేమో కదా?" అన్నాడు. ఉండాలంది. "మరి ఇల్లు?" అన్నాడు. అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ఉన్న ఉద్యోగానికేం తక్కువమ్మాయ్? ఇంటికి దీపం పెట్టే వేళకైనా రాకపోతే ఎలా?" అంది. ఆ దీపం స్విచ్చు అత్తగారి కుర్చీకి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

శనివారం భర్త కొత్త సంగతి మోసుకొచ్చాడు. మైనింగ్ చేసేవాళ్ళ గ్రూపు ఒకటుంది, వాళ్ళు రేపు పదింటికి పెట్టెలు చూడటానికి ఇంటికొస్తున్నారు. "ఎలాగూ రాసిపెట్టావుగా, ఆ పుస్తకం ఇటివ్వు. పేజీలన్నీ ఫొటోలు తీసి గ్రూపులో పెడతాను."

"అది సోమవారం నాకు కావాలండీ."

"ఫొటో తీస్తే అరిగిపోతుందా ఏంటి?"

ఆదివారం పొద్దున చూస్తే పుస్తకం అట్ట మీద నల్ల మార్కరుతో భర్త పేరు. దాని కింద 'నా ప్రయోగాలు' అని, కింద రెండు గీతలు. లోపల మాత్రం అన్నీ ఆమె అక్షరాలే. ఇది గ్రూపు మొత్తానికి ఆయన పేరుతో తిరిగాక, రేపు మేడం బల్ల మీద పెట్టి ఇది నేను చేశానని ఏ నోటితో చెప్పాలి? అడిగితే, "ఇంట్లో పుస్తకం మీద ఎవరి పేరుంటేనేం? బయటివాళ్ళు వచ్చే టైముకి ఇప్పుడిదొకటా?" అన్నాడు. డోర్‌బెల్ మోగింది.

వచ్చింది నలుగురు. వాళ్ళలో పెద్దాయన ఒకప్పుడు రేడియో మెకానిక్కట, అందరూ ఆయన్ని రేడియో తాత అంటారు. చిన్న గదిలో కుర్చీలు వేశారు. ఆమె వంటింట్లో టీకి నీళ్ళు పెట్టింది. గోడవతల నుంచి భర్త గొంతు వినిపిస్తోంది. ఇంతలో ఫ్యాన్ల రొద ఉన్నట్టుండి తగ్గింది. తన మాట వినబడటం లేదని ఆయన ఫ్యాన్లు తగ్గించేసినట్టున్నాడు.

భర్త వంటింట్లోకి వచ్చాడు. "మంచినీళ్ళు," అని గట్టిగా అని, గొంతు తగ్గించి, "రెండోదానికి వోల్టేజీ ఎంత?" అన్నాడు. చెప్పింది. రెండు నిమిషాలకి మళ్ళీ వచ్చాడు. "చెంచా కావాలి. ఆ పేస్టు పేరేంటి?" చెప్పింది. మూడోసారి ఏ వంకా దొరక్క ఫ్రిజ్ తలుపు తెరిచి మూశాడు. "మూడోదాని వేగం ఎందుకు తగ్గించామో అడుగుతున్నారు."

"అది నీరసం గనక," అంది.

ఆయన వెళ్ళి అదే మాట చెప్పాడు. "అది నీరసమండీ." అందరూ నవ్వారు.

అప్పుడే మూడో పెట్టె ఆగిపోయింది. ఇంకాసేపటికి నాలుగోది. ఆ రెండింటి ఫ్యాన్లూ ఆగడంతో రొద ఇంకా తగ్గింది. రేడియో తాత గొంతు ఆమెకి స్పష్టంగా వినపడింది.

"బాబూ, ఇందులో ఏదో రాసుందే. 'వెనకాల తడి తువాళ్ళు ఆరేసినప్పుడు ఆరు డిగ్రీలు పెరిగింది. ఆరేయొద్దని అత్తయ్యకి చెప్పాలి.' ఇప్పుడూ వెనక తువాళ్ళున్నాయి చూడు."

"బాల్కనీలో కనిపిస్తే బాగుండదని నేనే అక్కడ వేశాన్లెండి," అంది అత్తగారు.

"అది సరేనమ్మా. అబ్బాయ్, ఈ అత్తయ్యెవరు? మీ అత్తగారు కూడా మీతోనే ఉంటారా?"

తాత ఇంకో పేజీ తిప్పిన చప్పుడు. "'ఆరూ పది. పాలు స్టవ్ మీద పెట్టి వచ్చి చూశాను.' పాలు కూడా నువ్వే కాస్తావా?"

"అది... మా ఆవిడ చేత రాయించాను. అక్షరాలు బాగుంటాయని."

"అక్షరాలు బాగానే ఉన్నాయి. నేనడిగేది చూసిన కళ్ళెవరివని."

భర్త నాలుగోసారి వంటింట్లోకి వచ్చాడు. ఈసారి వంక కూడా వెతుక్కోలేదు. చెమట పట్టి ఉంది. "నాలుగో దానికి వోల్టేజీ పెంచాను, ఆపి మళ్ళీ వెలిగించాను, లేవట్లేదు. పరువు పోతోంది. ఏం నొక్కాలో చెప్పు, నేను వెళ్ళి నొక్కుతాను."

రెండో విడత టీకి పాలు స్టవ్ మీద ఉన్నాయి, అంచుల్లో నురగ కడుతున్నాయి. ఆమె కొంగుకి చేతులు తుడుచుకుంది. పట్టకారు ఆయన చేతిలో పెట్టింది.

"ఎలాగూ వంటింట్లోకి వచ్చారుగా," అంది, "ఈ పాలు కాస్త చూడండి."

వెళ్ళి పెట్టెల ముందున్న భర్త కుర్చీలో కూర్చుంది. భర్త ఇప్పుడే పెంచిన వోల్టేజీని పుస్తకంలో ఉన్న అంకెకి దించింది. తువాళ్ళు తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది. చల్లారాక పెట్టెలు వెలిగించి, చేతులు కట్టుకుంది.

"ఫ్యాన్లు మళ్ళీ పెంచరా?" అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకడు.

"అదనంగా వచ్చిపడ్డవి తీసేశాను, ముందు ఇలా నడిపి చూద్దామండీ. ఇందాక ఫ్యాన్లు తగ్గించారు, తువాళ్ళూ అడ్డొచ్చాయి, పైన వోల్టేజీ కూడా పెరిగింది. ఇప్పుడు అన్నీ ఒకేసారి కదిలిస్తే ఏది తప్పో జన్మలో తెలీదు. ఇక ఒక్కోటే మార్చి, పది నిమిషాలు ఆగుదాం."

ఆగారు. వంటింట్లోంచి చుయ్యిమన్న చప్పుడు, మాడు వాసన. అత్తగారు ఒళ్ళో తువాళ్ళతో కోడలి వంక చూసింది, వంటింటి వంక చూసింది, మళ్ళీ కోడలి వంక చూసింది. ఆమె మూడో పెట్టె వేడి చూస్తోంది. లేవాలని కాళ్ళు పీకాయి. పదేళ్ళ అలవాటు కదా. లేవలేదు. పెట్టెలు నడిచాయి. తర్వాత ఒక్కో ఫ్యాను పెంచుకుంటూ పోయింది, ఎందుకో చెబుతూ. రేడియో తాత కళ్ళజోడు సవరించుకుని వింటూ, "అమ్మా, ఈ పేజీలు ఫొటో తీసుకోమంటావా?" అన్నాడు. ఆయన ఆమెనే అడిగాడు.

"రేపు కాలేజీలో ఇవ్వాలండీ. ఆ తర్వాత మీకు ఏ పేజీ కావాలన్నా నేనే రాసిస్తాను," అని పుస్తకం అందుకుంది.

వాళ్ళు వెళ్ళిపోయాక భర్త ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. స్టవ్ మాత్రం తుడిచి ఉంది. ఆమె ఆ నల్ల మార్కరు అట్ట ఊడదీసి, వేరే రికార్డు అట్ట అంటించి, దాని మీద తన పేరు రాసుకుంది. పుస్తకం సంచీలో పెట్టి, మంచం కిందనుంచి ఇంకో సగం వాడిన రికార్డు లాగింది. ఖాళీ పేజీ చూసి రాయడం మొదలుపెట్టింది.

'ఆదివారం, పదకొండు గంటలు. మార్చింది ఒకటే: వంటింట్లోంచి వచ్చి కుర్చీలో కూర్చోవడం. పరిశీలన: పాలు పొంగిపోయాయి. స్టవ్ ఆయన తుడిచారు, సగం. ఇల్లు ఆగిపోలేదు.'

కాస్త ఆగి, కింద ఇంకో వరస రాసింది.

'తర్వాత మార్చవలసింది: ఆరింటికి ఇంటికి రావడం.'