దడికి అవతల పూసిన వెనిల్లా

మూడేళ్లుగా ఉషారాణి ఎదురుచూస్తున్న పువ్వు ఆ పొద్దున విచ్చుకుంది. కానీ దడికి అవతల విచ్చుకుంది.

అది వెనిల్లా తీగ. ఐస్‌క్రీముకి ఆ వాసన ఈ తీగ కాయల్లోంచే వస్తుందని ఆమెకు చెప్పింది తమ్ముడు శివనాగరాజు. రెండు వేల ఒకటిలో కేరళ వెళ్లొస్తూ నాలుగు తీగముక్కలు తడిగుడ్డలో చుట్టి తెచ్చి, అంబాజీపేట పక్కనున్న అక్కగారి దొడ్లో పోకచెట్ల మొదట్లో పాతాడు. వాటిలో మూడు ముక్కలు వానలకి కుళ్లిపోయాయి. ఒక్కటే బతికింది. ఉషారాణి దాని మొదట్లో కొబ్బరిపీచు కప్పి, ఎండాకాలమంతా నీళ్లు చిలకరించి పెంచింది.

"దీని పువ్వు పొద్దున్న విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోద్దక్కా," అని తమ్ముడు మరీ మరీ చెప్పాడు. "మన తేనెటీగలకి దీని సంగతి తెలీదు. ఆ పూటే చేత్తో పుప్పొడి అంటిస్తేనే కాయ. లేకపోతే రాలిపోవడమే."

పోకచెట్టు ఎక్కిన తీగ వెలుతురు వెతుక్కుంటూ కొబ్బరాకుల దడి దాటి అటు వాలింది. మొగ్గల గుత్తి అటే వేసింది. అటు ఉన్నది తోడికోడలు కృష్ణవేణి. కిందటేడు గాలివానకి ఉషారాణి కొబ్బరిచెట్టు విరిగి వాళ్ల పశువులపాక మీద పడింది. మాటా మాటా పెరిగి, "నీ కళ్లు పడే మా చెట్టు పడింది," అనేసింది ఉషారాణి. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

పీట వేసుకుని ఎక్కి చెయ్యి చాపింది. అందలేదు. తీగని లాగితే గుత్తి తెగిపోతుంది. సాయానికి పిలుద్దామంటే భర్త గోవిందరాజులు కొబ్బరికాయల లారీ దగ్గరికి అప్పుడే వెళ్లిపోయాడు. ఎండ కొబ్బరిమట్టల మీదకి దిగుతోంది. ఉషారాణి చీపురులోంచి ఒక ఈనెపుల్ల లాగి, కత్తిపీటకి గీసి మొన తీసి, చెప్పులైనా వేసుకోకుండా వీధి చుట్టూ తిరిగి వెళ్లింది.

కృష్ణవేణి వాకిట్లో ముగ్గు పెడుతోంది. తలెత్తి చూసింది.

"పువ్వు పూసిందే!" అంది ఉషారాణి. ఏడాది తర్వాత నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

"ఏ పువ్వండీ?"

"నా తీగది. మీ దొడ్లో."

"కోసుకుపోండి. నేనేం వద్దన్నానా?"

"కొయ్యడానిక్కాదే. దానికి పెళ్లి చెయ్యాలి. ముహూర్తం మధ్యాహ్నం దాకానే ఉంది!"

కృష్ణవేణి నవ్వు ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు. ముగ్గుగిన్నె గుమ్మం పక్కన పెట్టేసి, "రండి," అంటూ దొడ్లోకి దారితీసింది.

లేతాకుపచ్చ రంగులో మూడు పువ్వులు విచ్చుకుని ఉన్నాయి. ఉషారాణి మొదటిదాన్ని పట్టుకుని మెల్లగా చీల్చబోయింది. పుల్ల పక్కకి జారింది. పువ్వు మొత్తం చిరిగిపోయింది.

"అయ్యో!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

రెండోదాన్ని మొహం దగ్గరికి పెట్టి చూసింది, దూరంగా జరిగి చూసింది. "చత్వారం వచ్చి చచ్చింది. లోపల పల్చటి రెప్పలాంటిది ఉంటాదన్నాడు తమ్ముడు. ఏదీ కనపడదే!"

"ఇలా తెండి." కృష్ణవేణి పుల్ల అందుకుంది. రోజూ మల్లెమొగ్గలు మాలకట్టే వేళ్లు ఆమెవి. పువ్వుని కొంచెమే చీల్చింది. "ఆ, ఇదిగో, కనపడింది. ఇప్పుడేం చెయ్యాలి?"

"ఆ రెప్పకి పైన పుప్పొడి, కింద జిగురు. మధ్యలో అదే అడ్డం. పుల్లతో ఎత్తు. ఎత్తేవా?"

"ఆయ్, ఎత్తేనండీ."

"ఇప్పుడు పైనున్న పుప్పొడిని బొటనవేలితో కిందకి అదుము. మెల్లిగా, మెల్లిగా!"

కృష్ణవేణి ఊపిరి బిగబట్టి అదిమింది. వేలు తీసింది.

"అంటుకుందక్కా! పచ్చగా అంటుకుంది, చూడండి!"

ఉషారాణికి ఏమీ కనపడలేదు. అయినా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

మూడోదాన్ని కృష్ణవేణి వెలుతురుకి తిప్పి పట్టుకుంది. "ఇది మీరే చెయ్యండి. మీరు పెంచిన తీగ." ఈసారి వేళ్లు మాట విన్నాయి.

"ఆ రోజు చెట్టు పడ్డప్పుడు నేను ఆ మాట అనకుండా ఉండాల్సిందే," అంది ఉషారాణి పుల్ల తుడుస్తూ.

"ఆ ఊసిప్పుడెందుకండీ. చేతులు కడుక్కోండి, కాఫీ కలుపుతాను."

మర్నాడు తెల్లవారుతూనే దడి అవతలనుంచి కేక వినపడింది. "అక్కా! మనం అంటించినవి రెండూ రాల్లేదు! ఇంకో రెండు విచ్చుకున్నాయి కూడా! రండి, రండి!"

పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూడకుండా పరిగెత్తింది ఉషారాణి.

గుత్తిలో మొగ్గలు అయిపోయేదాకా రోజూ అదే వరస. ఒకరు పట్టుకుంటే ఒకరు అదిమేవారు. కొన్ని రాలిపోయాయి, చాలా నిలిచాయి. ఉగాది వెళ్లిన కొన్నాళ్లకి పచ్చటి కాయలు గుత్తిగా కిందకి వేలాడుతుంటే, వీధిలోవాళ్లు వచ్చి బీన్స్ కాయలా అని అడిగి వెళ్లేవారు.

శివనాగరాజు ఫోను చేశాడు. "నిజంగా కాసేయా అక్కా? కేరళ తోటలోళ్లే మొదటేడు సగం పోగొట్టుకుంటారు!"

"నువ్వొచ్చి చూడరా," అంది ఉషారాణి, పక్కనే నిలబడ్డ తోడికోడలి భుజం మీద చెయ్యి వేసి. "మా కృష్ణవేణి చేతిది ఒకటి అప్పుడే జానెడుంది!"