వాంతి ఆగిన మర్నాడు

కబుర్లు కట్టిపెట్టి ఇలా దగ్గరికి జరగండి. ఆ చుట్ట కాల్చే పెద్దాయన పొగ అటు వదలాలి, దగ్గితే కథ తెగిపోతుంది. ఇది అప్పనపల్లి దగ్గర రొయ్యల చెరువులు చేసే సాయిబాబు భార్య గంగాభవాని సంగతి. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైతే గోదారి వెనక్కి పారుతుంది.

రెండు వేల రెండులో ఆవిడకి రొమ్ములో గడ్డ తీసేరు. తర్వాత మూడు వారాలకోసారి కాకినాడ తీసుకెళ్ళి సెలైన్లో కేన్సర్ మందు ఎక్కించడం మొదలెట్టేరు. మొదటిసారి ఎక్కించుకొచ్చాక ఎనిమిది రోజులు వాంతులు. ఆ చప్పుడుకి అవతలి ఒడ్డున పడవవాడు లాంచీ వస్తోందనుకుని రేవు ఖాళీ చేశాడు. పెరట్లో కొబ్బరిచెట్టు రెండు మూరలు పక్కకి జరిగింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ ఎనిమిది రోజులూ భవానిని ఎవరూ ఏమీ అడగలేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో అత్త నూకాలమ్మే వెతుక్కుంది. సాయిబాబు తన లుంగీ తానే ఉతుక్కుని, ఆ సంగతి సెంటర్లో నలుగురికీ చెప్పొచ్చాడు. బకెట్టు మీద తల వాల్చి భవాని అనుకుంది: పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో తను పగటిపూట నడుం వాల్చింది రెండు కాన్పులప్పుడూ, ఇదిగో, ఇప్పుడూ.

రెండోసారి వెళ్ళినప్పుడు నర్సు చిన్న మాత్రలు చేతిలో పెట్టింది. "వాంతి అయ్యేక కాదమ్మా, రాకముందే వేసుకోవాలి. పొద్దునొకటి, సాయంత్రమొకటి. వాంతి ఆగుద్ది గానీ నీరసం ఆగదు, పడుకోవాలి" అంది. అప్పుడు సాయిబాబు బయట టీ తాగుతున్నాడు.

మాత్ర భలే పనిచేసింది. వాంతి గొంతుదాకా వచ్చి, ఇల్లు తప్పిన చుట్టంలా వెనక్కి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే నూకాలమ్మ గదిలోకి తొంగి చూసింది.

"వాంతి అవలేదేమే?"

"లేదత్తయ్యా."

"మరింకేం. ఇవాళ చెరువులో రొయ్యల పట్టుబడి. పన్నెండు మంది వలవాళ్ళకి వండాలి, లెగు."

భవాని లేచింది. గోడ పట్టుకుని రొయ్యలు ఒలిచింది, ఇగురు వండింది. "జబ్బు మనిషి చేతి వంటలా లేదండి" అని మెచ్చుకున్నాడొకడు. "మా ఆవిడకి తగ్గిపోయిందండి" అన్నాడు సాయిబాబు, తనే తగ్గించినట్టు.

మూడోసారి మందు ఎక్కించుకొచ్చిన మర్నాడు రెండో చెరువు పట్టుబడి. పొద్దున్నే భవాని మాత్ర అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. వేసుకుంటే వంట, మానేస్తే వాంతి. వాంతి చేసుకుంటే జబ్బు మనిషి, చేసుకోకపోతే ఖాళీ మనిషి. నీరసానికి చప్పుడు లేదు. ఒళ్ళు తడి ఇసుక బస్తాలా ఉందంటే ఎవరికి వినపడుతుంది? బకెట్టు వచ్చి సాక్ష్యం చెప్పాలి, అప్పుడు గానీ నమ్మరు. పెళ్ళయిన కొత్తలో తలనొప్పంటే ఆయన నుదురు ముట్టుకుని "వేడి లేదే" అన్నాడు. కాన్పైన పదకొండో రోజున నడుం లాగుతోందంటే అత్తగారు "నడుం కనపడట్లేదు గానీ అంట్లు కనపడుతున్నాయి" అంది. మాత్ర దిండు కింద పెట్టేసింది. అరగంటలో కడుపు తిప్పడం మొదలైంది. ఇంకాసేపు ఓర్చుకుంటే వాంతి వస్తుంది, దాని వెనకే ఎనిమిది రోజుల పడక వస్తుంది. నాలిక కిందకి నీళ్ళూరేయి. పడుకోవడానికి పేగులు కక్కి చూపించాలా, ఈ ఇంట్లో?

దిండు కింద చెయ్యి పెట్టి మాత్ర తీసి వేసుకుంది. గోడవైపు తిరిగి పడుకుంది.

కాసేపటికి సాయిబాబు రొయ్యల తట్టతో గుమ్మంలోకి వచ్చాడు.

"వాంతి అయిందా?"

"లేదండి."

"మరి లెగు. వలవాళ్ళు వచ్చేత్తన్నారు."

"లెగనండి."

"వాంతి లేదన్నావుగా?"

"లేదు. ఇక రానివ్వను కూడా. వంటకీ లెగను. సత్తువ వచ్చిన రోజు నేనే చెప్తాను."

ఆవిడ గొంతు పెంచలేదు. దుప్పటి భుజం మీదకి లాక్కుంది.

సాయిబాబు తట్టతో సహా అరుగు మీద కూలబడ్డాడు. వలవాళ్ళు పన్నెండు మందీ కాళ్ళు కడుక్కుని వరసగా కూర్చున్నారు. నూకాలమ్మ పొయ్యి దగ్గర గిన్నెలు ఎత్తి పడేస్తూ, "వాంతి లేకుండా పడుకోవడం మా కాలంలో ఎరగం" అంది. వల పట్టే కామరాజు చాలాసేపు గడ్డం గోక్కుని, సాయిబాబు దగ్గరికి జరిగాడు.

"ఆయ్, నాకు తెలిసిందండి సాయిబాబు గారూ. ఆవిడ మాత్ర తిరగేసి మింగేరండి. రేపు అక్షరాలున్న వైపు పైకి పెట్టి వేయించండి, అదే లేపుద్ది."