వానాకాలం దారి

స్ట్రెచర్ మీది రెక్సిన్‌ను ఫినాయిల్ నీళ్ళతో తుడిచి, మిగిలిన నీళ్ళు గోడ పక్క కాలువలో పారబోసి, దేవ్‌సింగ్ అంబులెన్స్ ముందు సీట్లోకి ఎక్కాడు. ఒడిలో తువ్వాలు మడిచి పరుచుకుని దాని మీద లాప్‌టాప్ పెట్టుకున్నాడు. తువ్వాలు లేకపోతే తొడలు కాలుతాయి. ఖమ్మంలో నర్సింగ్ చదివే కూతురు శ్రావణి కొత్తది తీసుకున్నాక తండ్రికి ఇచ్చిన పాత లాప్‌టాప్ అది. ఒక పక్క కీలు ఊడి, తెరిస్తే మూత వాలిపోతుంది. దాన్ని స్టీరింగుకు ఆనించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నిన్న ఆపిన చోటి నుంచి పాఠం నడిపించాడు.

"మ్యాప్ తెరుచుకుంది కదండీ. ఇప్పుడు దాని మీద మన పాయింట్లు పెడదాం," అన్నది ఎన్నడూ ముఖం చూపించని కుర్రవాడి గొంతు.

దేవ్‌సింగ్ ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కసాగాడు. యాభై దాటిన మనిషి. పొడుగరి, కానీ సీట్లో కూర్చుని కూర్చుని నడుం ముందుకు వంగింది. చిన్నప్పుడు పదో తరగతి దాకా చదివి, కొత్తగూడెంలో బొగ్గు లారీలు తోలి, భద్రాచలం జీపులు తోలి, చివరికి బూర్గంపాడు దవాఖానా ఆవరణలో ఈ బండికి డ్రైవరయ్యాడు. కీబోర్డు మీద కుడి చూపుడువేలు ఒక్కటే పనిచేస్తుంది. కోడ్‌లో తెరిచిన బ్రాకెట్‌ను మళ్ళీ మూయాలన్న సంగతి తలకెక్కడానికే అతనికి ఎండాకాలం సగం గడిచింది. ఒక్క కామా తప్పితే మ్యాప్ మొత్తం మాయమయ్యేది. పేషెంటు లేనప్పుడల్లా ఆ కామా కోసం వెతికేవాడు.

ఇవాళ మ్యాప్ తెరుచుకుంది. గోదావరి వచ్చింది, రోడ్లు వచ్చాయి. పాయింట్లు మాత్రం రాలేదు.

మ్యాప్‌ను వెనక్కి జరిపాడు. జిల్లా చిన్నదైంది, దేశం చిన్నదైంది. ప్రపంచమంతా కనిపించినప్పుడు, పైన ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రంలో నీలం చుక్కలు గుంపుగా కనిపించాయి. దాదాపు ఏడాది పాటు తిరిగి అతను ఫోన్‌లో పోగుచేసిన తండాలూ, గుంపులని పిలిచే చిన్న పల్లెలూ, వాగులూ అన్నీ అక్కడున్నాయి. ఒక చుక్క మీద నొక్కితే పేరు పైకి వచ్చింది: మద్దిగుంపు తండా. చుట్టూ మనిషి కాలు పెట్టని మంచు సముద్రం.

టెక్నీషియన్ సుజన రెండు కప్పుల టీ పట్టుకుని వచ్చి కిటికీలోంచి తొంగిచూసింది. బండి వెనక భాగంలో పేషెంట్లతో కూర్చునేది ఆమే.

"ఏందన్నా, ఊర్లన్నీ నీళ్ళల్ల పడ్డయ్?"

"అవ్ చెల్లె. మద్దిగుంపు సుత."

సుజన నవ్వబోయి ఆగింది. టీ కప్పు అతని చేతికిచ్చి వెళ్ళిపోయింది.

ఆ తండాకు పోయినప్పుడు ఆమె కూడా బండిలోనే ఉంది. పోయినేడు వానాకాలంలో, చీకటి పడే వేళ, మద్దిగుంపు తండా నుంచి ఫోన్ వచ్చింది. రూప్లి అనే అమ్మాయికి నొప్పులు. ఫోన్‌లో మ్యాప్ నీలం గీత చూపించింది. దేవ్‌సింగ్ దాని వెంటే పోయాడు. గీత గుబ్బలవాగులోకి దిగి అవతల ఎక్కింది. మ్యాప్‌లో అక్కడ వాగే లేదు. ఎదుట మాత్రం ఎర్రనీళ్ళు చెట్ల మొదళ్ళను ఒరుసుకుంటూ పోతున్నాయి. అవతలి గట్టు మీద తండా దీపాలు కనిపిస్తున్నాయి, మనుషులు కేకలు వేస్తున్నారు. వాళ్ళు చేతులతో చూపించిన వైపు బండి తిప్పుకుని, అడవి చుట్టూ తిరిగి తండా చేరేసరికి రూప్లి లేదు. లోపలి బిడ్డా లేదు.

ఆ దారి సరిచేయండని ఫోన్ మ్యాప్‌లోనే రెండుసార్లు రాశాడు. మీ సూచన పరిశీలిస్తామని జవాబు వచ్చింది. గీత అట్లాగే ఉంది. దాంతో, మ్యాప్ ఎట్లా తయారుచేస్తారో చూపించే పాఠాల కోసం వెతికాడు.

ఇంకొక సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఖాళీ బండి తోలుకుంటూ వస్తుంటే వెనక ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుంది. నొప్పి పట్టి పట్టి వదిలే ఊపిరి. ఆక్సిజన్ పైపు లీకేమోనని మెకానిక్కుకు చూపించాడు. పైపు బాగానే ఉంది.

పాఠం మళ్ళీ మొదటి నుంచి విన్నాడు. "ఫైల్లో అక్షాంశం, రేఖాంశం అంకెల్లో ఏది ముందు రాయాలో చూసుకోండి. చాలామంది ఇక్కడే పొరబడతారు," అంటున్నాడు కుర్రవాడు. ముందు రాయాల్సింది వెనకా, వెనకది ముందూ రాశాడు దేవ్‌సింగ్. ఒక్కో ఊరిదీ అటూ ఇటూ మార్చేసరికి మధ్యాహ్నమైంది. చివరికి చుక్కలన్నీ సముద్రం వదిలి గోదావరి ఒడ్డుకు దిగాయి. వాటి మధ్య అతను గీసుకున్న గీతలు తేలాయి. ఎండాకాలం దారి ఎరుపు, వానాకాలం దారి ఆకుపచ్చ. ఆ పేజీని ఫోన్‌లోనూ తెరిచి పెట్టుకుని అన్నం డబ్బా విప్పాడు.

రెండు ముద్దలు తిన్నాడో లేదో లోపల దవాఖానా ఫోన్ మోగింది. సుజన మాట్లాడి పరుగున వచ్చింది.

"అన్నా, మద్దిగుంపు తండా. ముసలామెకు దమ్ము ఆడుతలేదట."

దేవ్‌సింగ్ డబ్బా మూసి చేయి కడుక్కోకుండానే బండి తీశాడు. ఈసారి సుజన ముందు సీట్లో కూర్చుని అతని ఫోన్ పట్టుకుంది. సన్నటి తుంపర పడుతోంది. టేకు ప్లాంటేషన్ దాటగానే సిగ్నల్ పోయింది. తెర మీద గోదావరీ రోడ్లూ అన్నీ చెరిగిపోయి బూడిదరంగు మిగిలింది. ఆ బూడిదలో అతని చుక్కలూ ఆకుపచ్చ గీతా మాత్రం నిలిచి ఉన్నాయి.

"ఇగో, ఇక్కడ ఎడమకు," అంది సుజన, గొంతు తగ్గించి.

"తెలుసు చెల్లె. అయినా చెప్పు."

ఆ దారిని అతను ఒక ఆదివారం సొంత మోటార్ సైకిల్ మీద వచ్చి ఫోన్‌లో ఎక్కించుకున్నాడు. తండా కనిపించే మలుపు దగ్గరే ఆగి వెనక్కి తిరిగాడు. లోపలికి పోయి రూప్లి ఇంటివాళ్ళకు ముఖం చూపించలేకపోయాడు.

తండా మొగదలలో జనం మంచం మీద ముసలామెను మోసుకొచ్చారు. పేరు ద్వాలి. మంచం ముందుకోడు పట్టుకున్నది ఆమె కొడుకు తుల్సీరాం. రూప్లి భర్త. దేవ్‌సింగ్‌ను చూసి తల ఊపాడు. ముసలామె పెదవులు నల్లబడ్డాయి, పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. సుజన మాస్కు పెట్టి, నాడి చూసి, విసుక్కుంది.

"గిట్ల అయ్యేదాక ఏం జేసిన్రు?"

"ఈ బండి ఎక్కనన్నది. ఎన్నిసార్లు బతిమాలినా ఎక్కలే," అన్నాడు తుల్సీరాం. "ఈ పొద్దు తనే ఫోన్ చెయ్యమన్నది."

తిరుగుదారిలో దేవ్‌సింగ్ తన సీటు వెనక, పేషెంటు వైపున్న చిన్న కిటికీ అద్దం తీసి ఉంచాడు. ఊపిరి వినిపిస్తోంది. అందులో ద్వాలిది ఏదో, ఎప్పుడూ వినిపించేది ఏదో తెలియడం లేదు. రెండూ ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి.

దారిలో ఒక కల్వర్టు దాటాక ద్వాలి మాస్కు పక్కకు లాగింది. వద్దని సుజన వారిస్తున్నా వినలేదు. లంబాడీలో పిలిచింది.

"దేవ్‌సింగ్‌వేనా బిడ్డా?"

"అవ్ యాడీ," అన్నాడు, అమ్మను పిలిచినట్టు.

"ఆనాడు నీ బండి లైటు వాగు అవతల కనపడ్డది. రూప్లి తలకాయ లేపి చూసింది. యాడీ, వచ్చిన్రు అన్నది. ఏడుపు ఆపింది."

దేవ్‌సింగ్ ఎదుట గుంత చూసి గేరు మార్చాడు.

"తర్వాత నువ్వు లైటు తిప్పుకొని పోయినవ్. అది దానికి కనపడొద్దని నేను తలుపుకు అడ్డం కూసున్న. లైటు ఇంక ఉన్నదా అని అడుగుతనే ఉన్నది. ఉన్నది బిడ్డా, అని నేనన్న." ఆమె చాలాసేపు ఊపిరి కూడగట్టుకుంది. "ఉన్నదనుకొనే పోయింది. నీకు చెప్పాలె అనుకున్న."

"మాస్కు పెట్టుకో యాడీ," అన్నాడు. సైరన్ పెంచాడు, గుంతలు తప్పించుకుంటూ వేగం పెంచాడు. అడవి అంచున పొలాలు మొదలయ్యాయి. పత్తి చేలల్లో ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు.

కాసేపటికి సుజన కిటికీ దగ్గరికి వచ్చింది.

"అన్నా. ఇగ మెల్లగ పోనీ."

దేవ్‌సింగ్ సైరన్ ఆపాడు. సీటు పైనున్న అద్దంలో చూస్తే తుల్సీరాం తల్లి చేయి పట్టుకుని నేల వంక చూస్తున్నాడు. బండి లోపల అంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో, తలకు కాస్త వెనగ్గా, ఒక ఊపిరి ఇంకా వస్తూనే ఉంది. దేవ్‌సింగ్ కిటికీ అద్దం మూయలేదు. తడిసిన రోడ్డు మీద మెల్లగా తోలాడు.

దవాఖానాలో డాక్టరు చూసి చనిపోయిందని కాగితం రాశాడు. ద్వాలిని తీసుకుపోవడానికి తండావాళ్ళు ట్రాక్టరు తెచ్చారు. ఎక్కబోతూ తుల్సీరాం డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఈసారి జల్దీనే వచ్చినవన్నా," అన్నాడు. నిష్ఠూరం లేదు. ఉన్న మాట అన్నాడు, అంతే.

ట్రాక్టరు మలుపు తిరిగేదాకా చూసి, దేవ్‌సింగ్ బకెట్ తీసుకుని బండి వెనక తలుపు తెరిచాడు. స్ట్రెచర్ కాళ్ళ సందున చిన్న ఇత్తడి చెంబు ఒకటి ఉంది. దారిలో దాహమవుతుందని తండాలో ఎవరో పెట్టి ఉంటారు. నోటికి మోదుగాకు కప్పి దారంతో కట్టారు. అన్ని గుంతల్లోనూ అది ఒరగలేదు. దేవ్‌సింగ్ ఫినాయిల్ గుడ్డతో దాని చుట్టూ నేల తుడిచాడు, వెనక ఊపిరి తీసేవాళ్ళకు దాహమవుతుందేమోనని చెంబును కదిలించలేదు. తలుపు మూసేటప్పుడు చూస్తే ఆకు మీద ఇంకా తడి ఉంది, దాని అంచు సందులో నీళ్ళు నిండుగా కనిపించాయి.